పొడి మట్టికి రెండు రోజులు

జోగేశ్వరరావు మాస్టారికి కాఫీ అలవాటు లేదు, పేకాట అలవాటు లేదు, మధ్యాహ్నం కునుకు తీసే అలవాటు కూడా లేదు. ఉన్నది ఒక్కటే. ఎవరింటికి వెళ్ళినా ముందు మట్టిని పలకరించి, ఆ తరవాతే మనుషుల్ని పలకరిస్తారు. గుమ్మంలో ఇంటాయన చేతులు జోడించి "రండి మాస్టారూ, రండి" అంటూ నిలబడి ఉంటే, ఈయన ఆయన పక్కనుంచి పెరట్లోకి నడిచి, అరటిచెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, గుప్పెడు మట్టి తీసి ముద్ద చేసి, జానెడు ఎత్తు ఎగరేసి పట్టుకుంటారు. ముద్ద నిలిస్తే ముఖం విప్పారుతుంది. పొడిపొడిగా రాలిపోతే మాత్రం, ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్న కబురు విన్నట్టు కాసేపు అలాగే ఉండిపోతారు. అప్పుడు చేతులు కడుక్కుని వచ్చి, "ఆఁ, అందరూ కులాసానాండీ?" అని అడుగుతారు.

హైమ ఆయన తమ్ముడి కూతురు. పుట్టిందీ చదివిందీ రాజమండ్రిలోనే అయినా, చిన్నప్పటి వేసవి సెలవులన్నీ మెరకపాలెంలో పెదనాన్నగారింట్లోనే గడిచిపోయాయి. మిగతా పిల్లల పెదనాన్నలు జేబులో చెయ్యి పెడితే చాక్లెట్లు వచ్చేవి. ఈ పెదనాన్న చెయ్యి పెడితే కాగితం పొట్లం వచ్చేది. పొట్లం విప్పితే మట్టి. "ఇది పల్లపు చేనుది, ఇది మెరక చేనుది. నలిపి చూసి తేడా చెప్పు, అప్పుడు చాక్లెట్" అనేవారు. అంచేత హైమకి అ ఆలకన్నా ముందు ఒండ్రు, ఇసక, చౌడు వచ్చేశాయి. ఇవాళ ఇరవై ఏడేళ్ళ వయసులో భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలో నేల తేమ మీద పరిశోధన చేస్తోందంటే, దాని మూలం ఆ చాక్లెట్లే.

పెదనాన్న మట్టి పిచ్చి పెళ్ళిచూపుల్లోనే బయటపడిందని దొడ్డమ్మ చెబుతూ ఉంటుంది. దొడ్డమ్మ పేరు అమ్మణ్ణి. పుట్టిల్లు పెద్దాపురం పక్కన మెట్ట ఊరు. పెళ్ళివారంతా హాల్లో కూర్చున్నారు, ఫలహారాలు వచ్చాయి, పిల్ల కూడా వచ్చి కూర్చుంది. పెళ్ళికొడుకు మాత్రం లేడు. వెతగ్గా వెతగ్గా పెరట్లో దొరికాడు. అరచేతిలో మట్టితో సహా లోపలికి తీసుకొచ్చారు.

"ఏం బాబూ, నీ అభిప్రాయం చెప్పు మరి" అన్నారట దొడ్డమ్మ నాన్నగారు.

"పన్నెండు శాతం ఉంటుందండి" అన్నారట ఈయన, అరచెయ్యి వంక చూస్తూ.

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. దొడ్డమ్మ మేనత్తకి కోపం వచ్చింది. "బంగారంలాంటి పిల్ల. మరీ పన్నెండు శాతమే నచ్చిందటయ్యా నీకు?"

ఈయన తలెత్తి, "పిల్లా? పిల్లని నేనింకా చూళ్ళేదండి" అన్నారట.

"మరెలా ఒప్పుకున్నావు దొడ్డమ్మా?" అని హైమ అడిగినప్పుడల్లా దొడ్డమ్మది ఒకటే జవాబు. "వెళ్ళేటప్పుడు ఆ మట్టిని పారబొయ్యకుండా తీసుకెళ్ళి మళ్ళీ అరటిచెట్టు మొదట్లోనే పోశాడే. అది చూసి ఒప్పుకున్నాను."

హైమ అక్క పెళ్ళిలో పందిరి రాట వేసే వేళ జరిగింది ఇంకో చోద్యం. గుంత తవ్వారు. పురోహితుడు వేంకటేశ్వర్లుగారు నవధాన్యాలు గుప్పిట పట్టుకుని మంత్రం ఎత్తుకోబోతుంటే, మాస్టారు మూతడబ్బాతో గుంతలోకి వంగారు.

"జోగేశ్వరరావుగారూ, ముహూర్తం దాటిపోతోందండి!"

"ఒక్క నిమిషమండి. రాజమండ్రిలో మూరెడు లోతు మట్టి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది?"

"పాలు పొయ్యాలండి!"

"అమ్మమ్మ, పొయ్యకండి. పాలు పోస్తే తేమ లెక్క తప్పుతుంది."

పెళ్ళికూతురి మేనమామ ఆయన్ని నడుం పట్టుకుని పైకి లేపితే గానీ ఆ రాట పడలేదు. తరవాత పెళ్ళి వీడియో చూసిన వాళ్ళందరూ, గుంతలోంచి తేలిన ఆ బట్టతల ఎవరిదని అడిగారు.

ఇదంతా పైపై పలకరింపు మాత్రమే. అసలు పరీక్ష ఇంట్లో జరిగేది. ఆయన మెరకపాలెం హైస్కూల్లో సైన్సు మాస్టారు. పదిహేను రోజులకోసారి సైకిలు మీద బయల్దేరి, తాను ఎంచుకున్న పన్నెండు చేలల్లో జానెడు లోతున మట్టి తీసి, మూత బిగించిన డబ్బాల్లో తెచ్చేవారు. కంసాలి దగ్గర అడిగి తెచ్చుకున్న త్రాసులో సరిగ్గా వంద గ్రాములు తూచేవారు. కుంపటి మీద మూకుడు పెట్టి, బరువు తగ్గడం మానేసేదాకా దాన్ని ఎండబెట్టి మళ్ళీ తూచేవారు. ఎంత తగ్గితే అంత నీరు ఆ నేలలో ఉన్నట్టు. ఆ అంకె నోటుబుక్కులో ఎక్కేది. ఏడాదికో నోటుబుక్కు. అలా ముప్ఫై ఒకటి.

కుంపటి దొడ్డమ్మది, మూకుడూ దొడ్డమ్మదే. వేగిన మట్టిని దాచడానికి వాడిన హార్లిక్స్ సీసాలు కూడా ఆవిడవే. ఓసారి కాకినాడనుంచి శరత్‌చంద్రగారని దొడ్డమ్మ పినతండ్రి కొడుకు భోజనానికొచ్చాడు. బ్యాంకు ఉద్యోగి, మహా మర్యాదస్తుడు. దొడ్డమ్మ నెయ్యి తేవడానికి లోపలికి వెళ్ళిన సందులో, అలమారలో చేతికందిన సీసా తీసి అన్నంలో రెండు చెంచాలు వేసుకుని కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కూడా తిన్నాడు. అప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"అమ్మణ్ణీ, ఏమనుకోకు. కందిపొడి కాస్త ఎక్కువ వేగిందమ్మా. ఎక్కడో ఒకటీ అరా రాయి కూడా తగులుతోంది. బాగానే ఉందనుకో."

మాస్టారు సీసా చూసి గుండె పట్టుకున్నారు. దొడ్డమ్మ కూడా గుండె పట్టుకుంది. కారణాలు మాత్రం వేరు.

"ఎన్ని చెంచాలు వేసుకున్నావు? సరిగ్గా గుర్తు తెచ్చుకో" అన్నారు మాస్టారు.

"రెండు, బావగారూ."

"నిండుగానా, తలకొట్టా?"

రిటైరయ్యేనాడు స్కూలు వాళ్ళు ఏం కావాలని అడిగితే, శాలువా వద్దు, గోడగడియారం వద్దు, ఒక ఓవెన్ ఇప్పించండి అన్నారు. ఆ కబురు విని పదో తరగతిలో ఉన్న హైమ ఎగిరి గంతేసింది. ఇక సెలవులన్నీ కేకులే అనుకుంది. ఈ పన్నెండేళ్ళలో ఆ ఓవెన్‌లోంచి కొన్ని వందల మూకుళ్ళ మట్టి వచ్చింది గానీ, ఒక్క కేకు రాలేదు.

ఊళ్ళో అందరూ నవ్వేవారు. రొయ్యల మేత అమ్మే రమేష్ బాబు కొట్టు ముందు సైకిలు ఆగిందంటే చాలు. "ఏంటండి మాస్టారూ, ఇవాళైనా కరువు దొరికిందాండీ? గోదావరి జిల్లాలో కరువు కోసం వెతకడమంటే, కాజాల కొట్లో కారప్పూస కోసం వెతకడమండి బాబూ!"

"దొరక్కూడదనే వెతుకుతున్నానయ్యా" అని మాస్టారు సైకిలెక్కేవారు.

నిజానికి మెరకపాలెం గోదావరి జిల్లాలోనే ఉన్నా, గోదావరి అక్కడిదాకా వచ్చేసరికి బాగా అలిసిపోయి ఉంటుంది. ఊరు కాలవకి కొట్టకొసన. పైగా నేల చుట్టుపక్కలకన్నా రెండడుగులు ఎత్తు. పై ఊళ్ళ చేలన్నీ తాగి, రొయ్యల చెరువులన్నీ తాగి, మిగిలితే ఆ కాస్తా మెరకపాలెం చేలకి నీళ్ళు తెచ్చే బోదెల్లోకి పాకుతుంది. మిగలకపోతే లేదు. అటూ ఇటూ చెరువుల్లో నీళ్ళు తళతళలాడుతుంటే, మధ్యలో ఎకరం అరెకరం మనుషుల చేలు నెర్రెలు విచ్చుకుని ఉంటాయి. దారిన పోయేవాడికి తళతళే కనిపిస్తుంది.

ఇక ఆ ఇంట్లో ఉన్న రూళ్ళన్నిటిలోకీ వింతది సాక్షి రూలు. ఎవరి చేలో మట్టి తీస్తే ఆ మనిషి స్వయంగా వచ్చి, తూకం కళ్ళారా చూసి, సంతకం పెట్టాలి. మట్టి ఎండేదాకా కదలడానికి వీల్లేదు. "రేపెవరైనా నేను దొంగ తూకం రాశానంటేనో? సైన్సండీ ఇది!" అనేవారు మాస్టారు. పోనీ ఒక్కడొస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. ఒక్క సాక్షి మాట చెల్లదట. పెళ్ళాం పిల్లలతో సహా రావాలి.

హైమకి ఆ అరుగు తలచుకుంటే ఇప్పటికీ అక్కడ ఎవరో ఒకరు మట్టి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నట్టే ఉంటుంది. ఒక వేసవిలో వీరబ్రహ్మం ఇల్లాలితో, ముగ్గురు పిల్లలతో వచ్చి కూర్చున్నాడు. వడ్రంగం చేసుకుంటూ అరెకరం సాగు చేసే మనిషి. మాట పడడు, చెయ్యి చాపడు.

"మాస్టారూ, మట్టి ఎండిందాండీ?"

"ఏదీ, ఇంకా లేదు. భోజనానికి లేవండి."

"పొద్దున్న తిన్నాం కదండీ."

"పొద్దున్న తిన్నది పొద్దుటికి. ఎండకపోతే నన్నేం చెయ్యమంటావు? అమ్మణ్ణీ, ఐదు ఆకులు వెయ్యి!"

సాయంత్రానికి వీరబ్రహ్మం మళ్ళీ లేచి నిలబడ్డాడు. "ఇంటికెళ్ళి పొద్దున్నే వచ్చేత్తామండి."

"నువ్వటు వెళ్ళగానే ఇది ఇటు ఎండిపోతే? సాక్షి లేని తూకం నేను రాయను. ఇక్కడే పడుకోండి."

మర్నాడు సాయంత్రం ఎప్పటికో ఆ మట్టి ఎండింది. వీరబ్రహ్మం సంతకం పెట్టి గుమ్మం దిగుతుంటే మాస్టారికి ఏదో గుర్తొచ్చింది. "అన్నట్టు, మా అటక మీద మినుములు పుచ్చిపోయేలా ఉన్నాయయ్యా. పట్టుకెళ్ళి చేలో చల్లు. పుచ్చాయంటే మా ఆవిడ నన్ను బతకనివ్వదు."

ఆ అటక మీదికి మినుములు ఏటేటా పుచ్చడానికే వస్తాయేమోనని హైమ చాలాకాలం అనుకుంది.

ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడు హైమకే ఆ మట్టితో పని పడింది. ముప్ఫై ఏళ్ళలో ఏ ఊరి నేల ఎంత తేమ పోగొట్టుకుందో లెక్క తీసి, ఏ ఊరు కరువుకి ఎంత దగ్గరగా ఉందో రంగుల్లో పటం గీయాలి. జిల్లాలో ఏ శివారు కాలవల్ని ముందు బాగుచెయ్యాలో ఆ పటం చూసే తేలుస్తారు. ఉపగ్రహం లెక్కలు చూస్తే మెరకపాలెం ముదురు నీలంగా వచ్చింది. అంటే నేల నిండా నీళ్ళున్నట్టు. ఉపగ్రహం ఒక్కో గడిలో పది కిలోమీటర్ల నేలని కలిపి చూస్తుంది. ఆ గడిలో ముప్పాతిక వంతు రొయ్యల చెరువులే. దానికీ తళతళే కనిపించింది.

హైమ ఆ పటాన్ని ఫోన్లో చూపించినప్పుడు పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "పైనుంచి చూస్తే అలాగే ఉంటుందమ్మా. వంగి చూడాలి" అన్నారు.

"అందుకే మీ నోటుబుక్కులు కావాలి పెదనాన్నా."

ఆయన లోపలికి వెళ్ళి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అప్పుడు ట్రంకుపెట్టె తెరిచారు. నోటుబుక్కులు ఒక్కొక్కటే తుడిచి చేతికిస్తూ, "ముప్ఫై ఒక్కేళ్ళకి నా మట్టి కావాలని ఒకరు అడిగారే అమ్మణ్ణీ" అన్నారు. ఆ మాటకి హైమ కళ్ళు చెమర్చాయి. దొడ్డమ్మ మాత్రం, "హమ్మయ్య, ట్రంకుపెట్టె ఖాళీ అయింది. చలికాలం దుప్పట్లు పెట్టుకుంటాను" అంది.

రెండు నెలలు కూర్చుని హైమ ఆ అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. రెండో పంట దాళ్వా రోజుల్లో మెరకపాలెం నేలలో తేమ మొదట్లో సగటున ఇరవై నాలుగు శాతం. ఇప్పుడు పదకొండు. గీత ముప్ఫై ఏళ్ళూ ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. నీలం రంగు పోయి నారింజ రంగు వచ్చింది. కాలవ బాగుపడాల్సిన ఊళ్ళలో మెరకపాలెం పైకి ఎక్కింది. హైమ ఆ సంగతి ఫోన్లో చెబితే, పెదనాన్న ఆ సంతోషంలో ఎదురింటి మట్టి కూడా ఎగరేసి వచ్చారట.

పటం సోమవారం కాలవల కమిటీకి పంపాలనగా, శుక్రవారం నాడు ఆమె గైడు మణిశంకర్‌గారు పిలిచారు. ఎదురుగా ఎనిమిదో నోటుబుక్కు తెరిచి ఉంది.

"హైమా, ఇందులో ఎండిన సమయం అని ఒక గడి ఉంది. చూశావా?"

"లేదు సార్. తేమ శాతమే తీసుకున్నాను."

"చూడమ్మా. ఇరవై నాలుగు శాతం తడి ఉన్న మట్టి గంటన్నరలో ఎండిందట. ఆరు శాతం ఉన్న మట్టికి రెండు రోజులు పట్టిందట. తడి బట్ట ముందు ఆరి, పొడి బట్ట తరవాత ఆరుతుందా ఎక్కడైనా?"

హైమ గబగబా మిగతా నోటుబుక్కులు తిప్పింది. అన్నిట్లోనూ అంతే. నేల ఎంత ఎండిపోతే, మట్టి ఎండడానికి అంత ఎక్కువ సమయం. తనకి గుర్తున్న ఆ వీరబ్రహ్మం మట్టి కూడా ఆరు శాతమే. పట్టిన సమయం రెండు రోజులు.

"సమయం తప్పు రాసినాయన తూకం మాత్రం ఒప్పు రాశాడని ఆ కమిటీకి నేనెలా చెప్పను?" అన్నారు మణిశంకర్‌గారు. ఆయనకీ బాధగానే ఉంది. "సోమవారం లోపల సరైన కారణం తీసుకురా. లేకపోతే ఈ నోటుబుక్కులు పక్కన పెట్టి, ఉపగ్రహం లెక్కే పంపుదాం."

అంటే మెరకపాలెం మళ్ళీ నీలం. కొస కాలవ ఇంకో పదేళ్ళు అలాగే. పెదనాన్న ముప్ఫై ఒక్కేళ్ళూ ట్రంకుపెట్టెలోకి. ఆ రాత్రి హైమకి నిద్ర పట్టలేదు. శనివారం పొద్దున్నే మొదటి బస్సెక్కింది.

మాస్టారు మజ్జిగ తాగుతున్నారు. హైమ నోటుబుక్కు ముందు పెట్టి అడిగింది. జన్మలో వాదన వదలని మనిషి, మజ్జిగ గ్లాసులోకి చూస్తూ జవాబు చెప్పారు.

"పాత కుంపటి కదమ్మా. బొగ్గులు చెమ్మగా ఉండేవి."

"నీళ్ళు లేని ఏళ్ళలోనే చెమ్మగా ఉండేవా పెదనాన్నా?"

మాస్టారు మజ్జిగలో ఇంకాస్త ఉప్పు వేసి కలిపారు.

"పోనీ ఓవెన్ వచ్చాక బొగ్గుల్లేవుగా?"

"కరెంటు పోయేది."

"అది కూడా నీళ్ళు లేని ఏళ్ళలోనేనా?"

"కరెంటు సంగతి నన్నడిగితే ఎలాగే? కరెంటాఫీసు వాళ్ళని అడగాలి" అని మాస్టారు గ్లాసు కింద పెట్టి, డబ్బా తీసుకుని సైకిలెక్కారు. "సంపూర్ణమ్మ చేలో మట్టి తేవాలి. ఇవాళ పదిహేనో రోజు."

హైమ వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూలబడింది. "దొడ్డమ్మా, పెదనాన్న దొంగ లెక్కలు రాశారా?"

దొడ్డమ్మ గరిటె పక్కన పెట్టింది. ఆవిడకి కోపం రావడం హైమ ఎన్నడూ చూడలేదు. ఆ రోజు చూసింది.

"దొంగ లెక్కా? చిన్నప్పుడు ఆ సాక్షుల పంక్తిలోనే కూర్చుని తిన్నావు. నీకు తెలీదుటే?" అంది. కాసేపటికి తనే చల్లబడి, చెప్పడం మొదలుపెట్టింది.

"మొదటి ఏడు అరెకరం రైతు రాముడు చేలో మట్టి తీశారు. పిండిలా ఉంది. 'అమ్మణ్ణీ, ముందు మట్టి ఎండుతుంది, తరవాత పైరు ఎండుతుంది. ఇంకో రెండు నెలలకి ఆ ఇంట్లో పొయ్యి వెలగదు' అన్నారు. ఆ రెండు నెలలు గడవకముందే బస్తా బియ్యం సైకిలు మీద వేసుకుని వెళ్ళారు. రాముడు ముఖం మాడ్చుకుని, మేం అడుక్కునేవాళ్ళం కాదండీ అని తిప్పి పంపాడు. ఆరు నెలలు ఈయనతో మాట్లాడలేదు. అప్పుడు పుట్టిందే ఈ సాక్షి రూలు. సైన్సు కోసం వచ్చి కూర్చున్నవాడికి అన్నం పెడితే అది దానం కాదుగా. ఇంటికొచ్చిన మనిషిని భోజనం చెయ్యకుండా మన గోదావరి వాళ్ళెవరు పంపిస్తారు?"

"మరి ఆ మినుములు?"

"పుచ్చే మినుములా?" దొడ్డమ్మ నవ్వింది. "ఏటేటా కొత్తవి కొని తెచ్చి అటక మీద పెట్టేవారు. దుమ్ము పట్టాలని నేను మూత పెట్టేదాన్ని కాదు."

హైమకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెదనాన్న మట్టి తప్ప మనుషుల్ని పట్టించుకోరని తను స్నేహితులందరికీ చెప్పి నవ్వించింది. ఆ పన్నెండు చేలూ ఏ లెక్కన ఎంచుకున్నారో, పటం మీద అంత అడ్డదిడ్డంగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది. అవి ఊళ్ళో నోరు తెరిచి అడగలేని పన్నెండు ఇళ్ళ చేలు.

"కానీ దొడ్డమ్మా, ఇదంతా కమిటీకి చెబితే నమ్మరు. తూకం నిజమేనని రుజువు కావాలి."

"రుజువా? ఆ మనిషికి తూకం దగ్గర అబద్ధమాడ్డం చేతనైతేగా!" అంటూ దొడ్డమ్మ లేచి, అలమార వెనకనుంచి పొడుగాటి ఇనప తీగ ఒకటి లాగింది. కరెంటు బిల్లులు గుచ్చే తీగ. దాని నిండా చిత్తుకాగితాలు. "మట్టి ఎండిపోయాక కూడా పొయ్యి మీద ఉంచాలిగా, నలుగురూ చూస్తుంటారు. ఉంచినప్పుడల్లా తూచేవారు, తూచినప్పుడల్లా రాసేవారు. రాయకపోతే చెయ్యి దురద పెడుతుందాయనకి. పారెయ్యమని నాకిచ్చారు. నేను పారెయ్యలేదు. ఇంకో నాలుగు తీగలున్నాయి అటక మీద."

హైమ తీగలోంచి కాగితాలు విప్పింది. వీరబ్రహ్మం కాగితం దొరికింది. మాస్టారి గుండ్రటి అక్షరాలు.

గంటన్నరకి, 94. మూడు గంటలకి, 94. సాయంత్రం, 94. మర్నాడు పొద్దున్న, 94. భోజనాలయ్యాక, 94. కింద చిన్నగా ఇంకో ముక్క. "పిల్లలు పెరుగన్నం రెండుసార్లు అడిగారు. ఇంకా ఎండలేదు."

ఆ కాగితాలన్నిటికీ ఫోటోలు తీసి మణిశంకర్‌గారికి పంపింది. పావుగంటకి ఫోను మోగింది.

"హైమా," అన్నారాయన. "ప్రతి మట్టీ గంటన్నరలోనే ఎండిందమ్మా. తరవాత ఇన్నిసార్లు తూచి, ఒక్క గ్రాము తేడా లేకుండా చూపించిన లెక్క నేనింతవరకూ చూళ్ళేదు. తూకాలన్నీ ఉంచు. ఈ కాగితాలు జత చెయ్యి. ఆ ఎండిన సమయం గడి ఒక్కటీ తీసెయ్యి."

"నారింజ రంగేనా సార్?"

"నారింజ రంగే."

మాస్టారు సైకిలు దిగేసరికి పదకొండయింది. వెనకే సంపూర్ణమ్మ నడిచి వచ్చింది. యాభై ఏళ్ళు దాటిన ఒంటరి మనిషి, ఎకరం చేస్తుంది. ఈ ఏడు బోదెలోకి చుక్క రాలేదు. చేను చేతికి రాదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, సాక్ష్యానికి వచ్చినట్టే వచ్చి అరుగు మీద కూర్చుంది.

పటం నిలబడిందన్న మాట హైమ చెవిలో చెప్పగానే మాస్టారు సైకిలుకి స్టాండు వేశారు. "తీగలు పారెయ్యమన్నాను కదే అమ్మణ్ణీ" అని ఒక్క మాట మాత్రం అన్నారు. ఆ తరవాత డబ్బా హైమ చేతికిచ్చారు. "నువ్వే తూచమ్మా. నాకు ఈ మధ్య చెయ్యి వణుకుతోంది."

హైమ వంద గ్రాములు తూచింది. ఓవెన్‌లో పెట్టింది. గంటన్నరకి తీసి తూచింది. తొంభై అయిదు. మళ్ళీ పెట్టి, కాసేపాగి మళ్ళీ తూచింది. తొంభై అయిదే. ఇంత ఎండిన మట్టి ఆ ముప్ఫై ఒక్క నోటుబుక్కుల్లోనూ లేదు.

"ఎండిందాండీ అమ్మాయిగారూ?" అరుగు మీదనుంచి సంపూర్ణమ్మ అడిగింది.

హైమ త్రాసు వంక చూసింది. పెదనాన్న వంక చూసింది. ఆయన ముఖానికి పేపరు అడ్డం పెట్టుకున్నారు గానీ, పేజీ తిరగడం లేదు. వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఇంకా లేదండి సంపూర్ణమ్మగారూ" అంది హైమ. "రేపు సాయంత్రం దాకా పట్టేలా ఉంది. సాక్షి లేకుండా తూకం రాయకూడదు కదండీ. భోజనానికి లేవండి."

సంపూర్ణమ్మ చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచింది. కాళ్ళు కడుక్కోవడానికి నూతి వైపు నడుస్తూ, మాస్టారి పేపరు వంక ఓసారి చూసి నవ్వింది.

"ఆయ్, నేనూ అదే అనుకున్నానండి. ముప్పై ఏళ్ళనుంచీ చూత్తన్నాం కదండీ. ఈ ఏడు మరీ ఎండిపోయింది, టైం పడద్ది మరి."